దిగుమతులు ఆపేస్తే లోటు తగ్గుతుందా? బల్ల మీద రెండు దొంతరలు చూసి అడుగుతున్నా

ప్యారిస్ కార్నర్ · శనివారం రాత్రి 10:12

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా. పదహారేళ్లుగా చెన్నై రాజాజీ సాలైలో కస్టమ్స్ హౌస్ చుట్టూ తిరిగే ఉద్యోగం నాది. సీహెచ్‌ఏ, అంటే సరుకుకి కస్టమ్స్ కాగితాల పని చేసిపెట్టే ఏజెంటు, ఆ ఆఫీసులో గుమస్తా అనుకోండి. ఇప్పుడు పనంతా కంప్యూటర్‌లోనే అయినా మా పెద్దాయనకి కాగితం చేతిలో పడితే గానీ నమ్మకం కుదరదు. అందుకని నా బల్ల మీద రోజూ రెండు దొంతరలు ఉంటాయి. ఎడమవైపు బిల్ ఆఫ్ ఎంట్రీలు, అంటే వచ్చే సరుకు. కుడివైపు షిప్పింగ్ బిల్లులు, పోయే సరుకు. ఎడమదే ఎప్పుడూ ఎత్తు.

దేశం లెక్కా అంతే. 2024-25లో మనం బయటికి అమ్మిన సరుకు సుమారు 437 బిలియన్ డాలర్లు, కొన్నది 720 బిలియన్లు. ఈ తేడానే లోటు అంటున్నారు.

మొన్న భోజనాల దగ్గర మావాడొకడు “చైనా సరుకు ఆపేస్తే మూడోవంతు లోటు అక్కడే పోతుంది” అన్నాడు. ఒక్క చైనాతోనే లోటు 99 బిలియన్లు, కాబట్టి వినడానికి సబబుగానే ఉంది. ఇంకొకడు “రూపాయిని పడనిస్తే ఎగుమతులు వాటంతటవే పెరుగుతాయి” అన్నాడు. నేను సీటుకొచ్చి రెండు దొంతరలూ ముందేసుకుని కాసేపు తిరగేశాను. ఎడమ దొంతరలో ఉన్న పార్టీ పేర్లే నాలుగు వారాలు తిరిగేసరికి కుడి దొంతరలో కనిపిస్తున్నాయి. చెప్పుల పార్టీ ఉంది. వాళ్లకి అడుగు భాగం, బకిల్, జిగురు బయటినుంచి వస్తాయి, పూర్తయిన జోళ్లు జర్మనీ పోతాయి. ఎడమది కోసేస్తే కుడిది మిగులుతుందా?

మనలాంటి దేశం ఎగుమతులు పెంచుకునే దారి ఏంటి? మీ చేతిమీదుగా జరిగింది చెప్పండి. టీవీలో విన్నది వద్దు.

గునుపూడి చెరువు · శనివారం రాత్రి 10:47

అన్నా, మీ ఎడమ దొంతరలో మా వాటా కూడా ఉంది. మాది భీమవరం, నాన్నకి రొయ్యల చెరువులు. నేను వేళచ్చేరిలో సాఫ్ట్‌వేర్. ఎప్పుడైనా నీలాంకరై వైపు వెళ్తే నాకు నవ్వొస్తుంది, ఎందుకంటే మా ఇంటి అన్నం అక్కడ మొదలవుతుంది.

మేం పెంచే వనామీ మన సముద్రపు రొయ్య కాదు. దానిది అమెరికా ఖండాల పసిఫిక్ తీరం. ఇక్కడ పెంచడానికి 2009లో అనుమతి ఇచ్చారు. జబ్బుల్లేని తల్లి రొయ్యలు హవాయి, ఫ్లోరిడాల నుంచి విమానంలో చెన్నైలో దిగుతాయి. నీలాంకరైలో క్వారంటైన్ కేంద్రం ఉంది. అక్కడ ఉంచి, పరీక్షలు చేసి, బాగున్నవి హేచరీలకి ఇస్తారు. హేచరీలో పుట్టిన పిల్ల ఆక్సిజన్ కొట్టిన ప్లాస్టిక్ సంచుల్లో రాత్రికి రాత్రి మా గట్టు మీదికి వస్తుంది. పెరిగాక ప్లాంటుకి పోయి, తల తీసి, పొట్టు వలిచి, గడ్డకట్టించి మళ్లీ అదే అమెరికాకి. 2023-24లో దేశం మొత్తం మీద 17.8 లక్షల టన్నుల సముద్ర ఉత్పత్తులు పోయాయి. విలువ 60 వేల కోట్ల పైచిలుకు, అందులో పెద్ద ముక్క రొయ్యలదే.

ఆ తల్లిని “విదేశీ సరుకు” అని విమానాశ్రయంలోనే ఆపేస్తే ఆంధ్రా కోస్తాలో చెరువులు ఎండబెట్టుకోవాలి. మీ భోజనాల మిత్రుడికి ఇది చెప్పండి.

టీనగర్ తులం · శనివారం రాత్రి 11:05

తల్లి రొయ్య సరే తమ్ముడూ. మా ఎడమ దొంతర సంగతి వేరు. నేను టీనగర్‌లో నగల కొట్లో లెక్కలు రాస్తాను. 2024-25లో దేశంలోకి వచ్చిన బంగారం విలువ 58 బిలియన్ డాలర్లు. దాంట్లో ఏదో కొంత నగలై బయటికి పోతుంది, మిగతాదంతా బీరువాల్లో పడుకుంటుంది. ఇదైనా ఆపొచ్చు కదా?

ఆపి చూశారు కూడా. 2013లో సుంకం 10 శాతానికి పెంచారు. తెచ్చిన బంగారంలో ఐదోవంతు తిరిగి ఎగుమతి చేయాలనే 80:20 నిబంధన అదే ఏడాది పెట్టారు. లెక్కల్లో దిగుమతి తగ్గింది. అదే సమయంలో మన ఊరి విమానాశ్రయంలో బూట్లలో, బెల్టుల్లో, ఇంకా చెప్పకూడని చోట్ల బంగారం దొరకడం రోజువారీ వార్త అయిపోయింది. 2014 నవంబరులో ఆ నిబంధన తీసేశారు. సుంకం తర్వాత 15 దాకా పోయి, 2024 జులై బడ్జెట్‌లో 6కి దిగింది. దిగిన రోజు మా కొట్లో మెట్ల మీద కూడా జనమే.

అంటే బంగారం మోజు సుంకంతో పోదు. డబ్బు దాచుకోవడానికి అంత నమ్మకమైన చోటు ఇంకోటి ఉంటే తప్ప మా అత్తగారు మారరు.

లెక్కల అక్క · ఆదివారం ఉదయం 7:30

కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను, కాబట్టి కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు ఒకటి. సరుకుల లోటు 283 బిలియన్లని గుండెలు బాదుకునేవాళ్లు పక్క కాలమ్ చూడరు. అదే ఏడాది మన సేవల ఎగుమతి 387 బిలియన్లు. చెరువు తమ్ముడు వేళచ్చేరిలో కూర్చుని కొట్టే కోడ్ ఏ కంటైనర్‌లోనూ ఎక్కకపోయినా ఎగుమతే. పైన బయట ఉన్నవాళ్లు ఇంటికి పంపిన డబ్బు 135 బిలియన్లు. ఇలా అన్నీ కలిపి చూసేదాన్ని కరెంట్ అకౌంట్ లోటు అంటారు, అది జీడీపీలో 0.6 శాతమే. 2012-13లో అది 4.8. అప్పుడు భయపడ్డామంటే అర్థం ఉంది.

రెండు. ఒక్క దేశంతో లోటు చూసి ఏడవడం అనవసరం. వియత్నాంకి చైనాతో పెద్ద లోటు ఉంది. విడిభాగాలన్నీ అక్కడినుంచే తెచ్చుకుంటుంది. అమెరికాతో అంతకంటే పెద్ద మిగులు. 10 కోట్ల జనం ఉన్న ఆ దేశం 2024లో 400 బిలియన్లకి పైగా సరుకు అమ్మింది, 140 కోట్ల మనం 437 దగ్గర ఉన్నాం. దిగుమతులు మూసుకుని వాళ్లు అక్కడికి చేరలేదు. 2001లో అమెరికాతో వాణిజ్య ఒప్పందం, 2007లో ప్రపంచ వాణిజ్య సంస్థ డబ్ల్యూటీవోలో చేరిక, ఆ వెనకే సామ్‌సంగ్ ఫ్యాక్టరీ.

మూసుకున్న అనుభవం మనకే ఉంది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి ప్రపంచ ఎగుమతుల్లో మన వాటా 2 శాతం పైన. లైసెన్సులు, కోటాలతో అన్నీ ఇంట్లోనే చేసుకుంటామని కూర్చుంటే 1980ల్లో అర శాతం దగ్గరికి జారింది. దిగుమతి సుంకం చివరికి ఎగుమతి మీదే పడుతుందని ఆర్థికవేత్త ఆబా లెర్నర్ 1936లోనే నిరూపించాడు. ప్యారిస్ కార్నర్ గారి రెండు దొంతరలు చెప్తున్నదీ అదే, ఆయనకి సమీకరణం అవసరం పడలేదు, అంతే.

రూపాయి సంగతి సాయంత్రం రాస్తాను. ఇడ్లీ పిండి పొంగిపోతోంది.

మనలి ట్రైలర్ · ఆదివారం ఉదయం 9:15

మేడమ్ గారు పుస్తకం చెప్పారు, నేను రోడ్డు చెప్తా. నావి మూడు ట్రైలర్లు. ఫ్యాక్టరీ నుంచి పోర్టు గేటు దాకా ఉన్న నలభై కిలోమీటర్లకి ఒక్కోరోజు పడే టైములో విమానం సింగపూర్ పోయి తిరిగొస్తుంది. పగలు ఊళ్లోకి రానివ్వరు, రాత్రి అందరం ఒకేసారి వస్తాం. ఓడ కటాఫ్, అంటే సరుకు అప్పజెప్పే గడువు, దాటిపోతే సరుకు తర్వాతి ఓడకే.

మధురవాయల్ నుంచి పోర్టుకి పైవంతెనకి 2009లో శంకుస్థాపన అయింది. 2012లో పని ఆగింది. కూవం పక్కన ఆ మొండి స్తంభాలు చూసుకుంటూ మా క్లీనర్ కుర్రాడు డ్రైవర్ అయ్యాడు, పెళ్లి చేసుకున్నాడు. 2022లో మళ్లీ శంకుస్థాపన. ఎగుమతి ప్రోత్సాహం అంటే నాకు అదొక్కటే.

మోడరేటర్ · ఆదివారం ఉదయం 9:40

పార్టీల పేర్లెత్తి తిట్టుకున్న రెండు వ్యాఖ్యలు తీసేశాం. విషయం మీద ఉండండి.

అంబత్తూరు లేత్ · ఆదివారం మధ్యాహ్నం 1:20

భోంచేసి కూర్చున్నాను, తీరిగ్గా రాస్తాను. అంబత్తూరు ఎస్టేట్‌లో చిన్న మిషన్ షాపు. వాల్వుల్లోకి వెళ్లే స్టీలు భాగాలు చేస్తాం. మొదటి యూరప్ ఆర్డరు కథ వినండి.

నాలుగు నెలలు చేశాం. ఒక్కో ముక్కా మైక్రోమీటర్‌తో కొలిచి, నూనె రాసి, కాగితం చుట్టి పెట్టాం. మా ఆవిడ కూడా వచ్చి ప్యాకింగ్‌లో కూర్చుంది. సరుకు అక్కడి పోర్టులో దిగింది. ఆగిపోయింది. ఎందుకో తెలుసా? సరుకు కింద పెట్టిన చెక్క ప్యాలెట్. పచ్చి చెక్కలో పురుగు ఉంటుందని, 56 డిగ్రీల వేడిలో అరగంట ఉంచి, గోధుమ కంకి బొమ్మ, పక్కన హెచ్‌టీ అనే అక్షరాలు కాల్చి ముద్ర వేసిన చెక్కే వాడాలి. నేను వీధి చివర వడ్రంగి దగ్గర చవగ్గా కొట్టించాను. ముక్క మీద మైక్రాను తేడా లేదు, కింద చెక్క మీద ముద్ర లేదు. అక్కడి గోడౌన్ అద్దె, మళ్లీ ప్యాకింగ్, ఆలస్యం కోత అన్నీ పోగా ఆ ఆర్డరులో నాకు మిగిలింది అనుభవం.

బ్యాంకు సబ్సిడీ గురించి నాకు ఉత్తరాలు బోలెడు వచ్చాయి. ఈ ముద్ర సంగతి ముందుగా చెప్పినవాడు లేడు. జర్మనీలో చిన్న షాపువాడికి వాళ్ల ఛాంబరు చెప్తుంది. మనకి దెబ్బ తిన్నాక తెలుస్తుంది.

ఇక రూపాయి పడాలి అన్న పెద్దమనిషికి: నా కట్టింగ్ ఇన్సర్ట్‌లు (లోహం కోసే మొనలు) బయటివి, మిషన్ బయటిది, స్పెషల్ స్టీలు సగం బయటిది. డాలరు పెరిగిన నెల కొనేవాడు మెయిల్ పెడతాడు, “మీకు లాభం కదా, 3 శాతం తగ్గించండి” అని. వచ్చింది వాడికీ, స్టీలు వాడికీ పంచి నేను చేతులు దులుపుకుంటాను.

నాకు నిజంగా కావలసింది నా డబ్బు నాకు తొందరగా రావడం. సరుకు పోయాక కొనేవాడు 90 రోజులకి ఇస్తాడు. కట్టిన జీఎస్టీ వాపసు ఎక్కడో ఒక చిన్న తేడా దగ్గర ఆగుతుంది. ఆర్డరు కాగితం చేతిలో ఉన్నా బ్యాంకువాళ్లు ఇంటి పట్టా అడుగుతారు. ఆర్డరు ఎక్కువ వస్తే సంతోషం కాదు, టెన్షన్.

గునుపూడి చెరువు · ఆదివారం మధ్యాహ్నం 1:52

ప్యాలెట్ కథ అదిరింది బాబాయ్. మా దాంట్లో ఆ ప్యాలెట్ పేరు యాంటీబయాటిక్. ఎవడో ఒకడు చెరువులో నిషేధించిన మందు కొడతాడు, యూరప్‌లో ఆనవాలు దొరుకుతుంది, ఆ దెబ్బకి అందరి కంటైనర్లలో సగం తనిఖీకి పోతాయి. తప్పు ఒకడిది, ఆలస్యం అందరిది.

ఇంకోటి మర్చిపోయాను. ఒకే గుమ్మం. మా రొయ్యకి అమెరికాయే పెద్ద కొనుగోలుదారు. 2025 ఆగస్టులో మన సరుకు మీద వాళ్ల అదనపు సుంకం 50 శాతానికి చేరినప్పుడు నాన్న ఫోన్ చేసి “రొయ్యలు పట్టుకుందామంటే రేటు చెప్పేవాడే లేడురా, మేత మాత్రం రోజూ వెయ్యాలి” అన్నాడు. ఫ్యాక్టరీ అయితే షిఫ్టు ఆపుకోవచ్చు. రొయ్యని తినొద్దు అనలేం కదా. ఈక్వడార్ వాడు అమెరికాకీ అమ్ముతాడు, చైనాకి తలతో సహా అమ్ముతాడు, ఒక గుమ్మం మూస్తే ఇంకో గుమ్మం.

పెరియమేట్ తాత · ఆదివారం సాయంత్రం 5:10

మా మనవరాలు టైపు చేస్తోంది, తప్పులుంటే ఆ పిల్లవి. నా వయసు 78. నలభై ఏళ్లు చెన్నై పెరియమేట్‌లో తోళ్ల వ్యాపారం. మా నాన్న కాలంలో తంగేడు చెక్క, కరక్కాయ వేసి పదును చేసిన తోళ్లు మద్రాసు రేవు నుంచి ఇంగ్లండు పోయేవి. వాటికి ఈస్టిండియా తోళ్లని పేరు. అక్కడ వాళ్లు బూటు కుట్టి, పది రెట్లకి అమ్ముకునేవారు. మనకి మిగిలింది కంపు.

1972లో సీతారామయ్య కమిటీ ఒక మాట చెప్పింది, పచ్చి తోలు, సగం చేసిన తోలు పంపడం తగ్గించి పూర్తి తోలు, చెప్పులు పంపండి అని. 73లో పచ్చి తోళ్ల ఎగుమతి నిషేధం, సగం తోళ్లకి కోటా. పెరియమేట్‌లో అందరం తిట్టాం. నేనూ తిట్టాను, కమిషన్ పోతుంది మరి. కానీ ఊరికే ఆపి వదిలేయలేదు. కొత్త మిషన్లు తెచ్చుకోవడానికి వీలు ఇచ్చారు, అడయార్‌లో తోళ్ల పరిశోధన సంస్థ అప్పటికే 1948 నుంచి ఉంది, వాళ్లు ఆంబూరు, రాణిపేట వచ్చి పని నేర్పారు. పదేళ్లలో మా వీధి మారిపోయింది. తోలు కట్టలు పోయి బూటు పైభాగాలు, తర్వాత పూర్తి బూట్లు.

లెక్కలో రాయనిది కూడా చెప్పాలి. మా తోళ్ల మురుగుకి పాలారు నది పోయింది. వాణియంబాడి పక్క బావుల్లో నీళ్లు తాగడానికి లేకుండా అయ్యాయి. 1996లో సుప్రీంకోర్టు పాడుచేసినవాడే కట్టాలి అంది. డాలర్లు మేం తెచ్చాం, నీళ్లు ఎవరివో పోయాయి. పెరియమేట్‌లో ఇప్పటికీ ఎవరూ ఈ మాట గట్టిగా అనరు.

మనలి ట్రైలర్ · ఆదివారం సాయంత్రం 5:31

తాతగారూ, మరి చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ఇంకా బండలు బండలుగానే చైనా పోతోంది కదా. అక్కడ కోసి, మెరుగు పెట్టి అమ్ముతారు. దాన్నీ ఆపెయ్యాలి. ఆ బండలు మోసి మోసి మా బండి పట్టీలు విరిగాయి.

లెక్కల అక్క · ఆదివారం రాత్రి 8:25

ట్రైలర్ గారూ, ఆపడం ఒక్కటే అయితే నేను ఒప్పుకోను. తాతగారు చెప్పిందాంట్లో నిషేధం ఒక వంతే. మిషన్లు, పని నేర్పేవాళ్లు, కొనేవాళ్లు పక్కన ఉన్నారు కాబట్టి నడిచింది. అవి లేకుండా బండ ఆపితే క్వారీలో రేటు పడి కూలివాడు ఇంటికి పోతాడు.

దక్షిణ కొరియావాళ్లు జుట్టుతో చేసింది చూడండి. 1964లో వాళ్ల మొత్తం ఎగుమతి 10 కోట్ల డాలర్లు. అది దాటిందని పండగ చేసుకుని ఎగుమతుల దినం పెట్టుకున్నారు. 1965లో అమెరికా చైనా జుట్టుతో చేసిన విగ్గుల్ని ఆపింది. ఆ సందులో కొరియా దూరింది. ఆడవాళ్లు జడలు కోసి అమ్మితే, ఇంకొందరు ఆడవాళ్లు షెడ్లలో కూర్చుని ఒక్కో వెంట్రుకా కుట్టారు. 1970 నాటికి విగ్గులు వాళ్ల పెద్ద ఎగుమతుల్లో ఒకటి. 1977కి మొత్తం ఎగుమతి 1000 కోట్ల డాలర్లు. మనకి తిరుమల తలనీలాలు ఉన్నాయి, వేలం వేస్తాం. 2022లో పచ్చి జుట్టు ఎగుమతికి ఆంక్షలు పెట్టారు కూడా. విగ్గు కుట్టే షెడ్లు మాత్రం ఆ వేగంతో పెరగలేదు.

కొరియాలో ముఖ్యమైనది ఇంకోటి ఉంది. ఎగుమతిదారుకి కావలసిన ముడిసరుకు సుంకం లేకుండా వచ్చేది, ఆర్డరు కాగితం చూపిస్తే చవక వడ్డీకి అప్పు వచ్చేది, లేత్ గారూ, ఇంటి పట్టా కాదు. అప్పటి అధ్యక్షుడు పార్క్ చుంగ్ హీ నెలనెలా ఎగుమతుల సమావేశంలో స్వయంగా కూర్చునేవాడు. నియంతే, నేను మెచ్చుకోవడం లేదు. కానీ చవక అప్పు కావాలంటే సరుకు పంపి చూపించాలి. మన దగ్గర రాయితీ ముందు, చూపించడం తర్వాత.

రూపాయి గురించి మాటిచ్చాను. 1966 జూన్ 6న డాలరు 4.76 నుంచి 7.50కి మార్చారు. ఎగుమతులు ఎగరలేదు. ఒకపక్క కరువు, ఇంకోపక్క ఎగుమతి రాయితీలు అదే సమయంలో కోసేశారు, అమ్మడానికి సరుకే లేదు. 1991 జులైలో మళ్లీ తగ్గించారు, అప్పటికి 47 టన్నుల బంగారం తాకట్టు పెట్టే దాకా వచ్చింది. ఈసారి మన పీవీ ప్రభుత్వం లైసెన్సులు కూడా ఎత్తేసింది. ఫలితం వేరుగా వచ్చింది. రూపాయి ధర సాయం చేస్తుంది, కానీ అమ్మడానికి సరుకు, పంపడానికి దారి ఉంటేనే. వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా, వంటనూనెలో సగానికి పైగా కొనుక్కునే దేశంలో అది ముందు తగిలేది వంటింటికి.

టీనగర్ తులం · ఆదివారం రాత్రి 8:40

అక్కా, మరి శ్రీపెరుంబుదూర్ ఫోన్లు? 2024-25లో స్మార్ట్‌ఫోన్ల ఎగుమతి 24 బిలియన్లు అన్నారు. విడిభాగాలన్నీ చైనావే, స్క్రూ బిగించి పంపితే అది మన ఎగుమతా?

లెక్కల అక్క · ఆదివారం రాత్రి 8:58

స్క్రూ బిగించడంతోనే మొదలవుతుంది. అక్కడే ఆగితే మీరు చెప్పిందే నిజం. అదే శ్రీపెరుంబుదూర్‌లో నోకియా 2006లో మొదలై 2014లో మూతపడింది. చుట్టూ విడిభాగాలు చేసేవాళ్లు కొందరు వచ్చారు, పెద్దది పోగానే వాళ్లూ పోయారు. ఈసారి నిలబడతారా అన్నది నేను చెప్పలేను.

ప్యారిస్ కార్నర్ · ఆదివారం రాత్రి 10:05

ఇన్ని వస్తాయనుకోలేదు. అందరికీ థ్యాంక్స్. నాకు గుర్తొచ్చింది ఒకటి చెప్తాను.

కడప వైపు పండే కేపీ ఉల్లిపాయ తెలుసా, కృష్ణాపురం ఉల్లి? ఘాటు ఎక్కువ, మన కూరల్లోకి ఎవరూ కొనరు. దాదాపు అంతా సింగపూర్, మలేషియా వైపే. 2020 సెప్టెంబరు 14న దేశంలో ధర పెరిగిందని ఉల్లి ఎగుమతి మొత్తం ఒక్క సాయంత్రంలో ఆపేశారు. మేము తినని ఉల్లి కూడా అందులో పడింది. కంటైనర్లో ఎక్కించడానికి తెచ్చిన బస్తాలు షెడ్డులోనే ఉండిపోయాయి. నాలుగో రోజుకి గోతాల సందుల్లోంచి పచ్చని మొలకలు బయటికొచ్చాయి. రైతు ఒకాయన వచ్చి వాటిని వేళ్లతో తుంచుతూ కూర్చున్నాడు, తుంచితే ఏం ఆగుతుంది? అక్టోబరులో 10 వేల టన్నులకి అనుమతి వచ్చింది, చెన్నై రేవు నుంచి మాత్రమే. అప్పటికి అవతలి కొనేవాడు ఇంకెక్కడో కొనుక్కున్నాడు. బాస్మతి కాని తెల్ల బియ్యానికీ 2023 జులైలో ఇదే చేశారు. ఏడాది దాటాక తెరిచారు.

దిగుమతి ఆపాలని అడిగిన మావాడికి ఇప్పుడు జవాబుంది. మనం ఎక్కువగా ఆపుతున్నది కుడి దొంతరనే.

అంబత్తూరు లేత్ · ఆదివారం రాత్రి 10:21

ప్యారిస్ కార్నర్ గారూ, పనిలో పనిగా ఒక సందేహం. ఎగుమతి సరుకు కోసం తెచ్చే స్పెషల్ స్టీలుకి సుంకం కట్టక్కర్లేకుండా అడ్వాన్స్ లైసెన్స్ ఉందంటారు. నాలాంటి చిన్నవాడికి ఇస్తారా? ఒకాయన్ని అడిగితే “అదంతా పెద్దోళ్లకి” అన్నాడు.

ప్యారిస్ కార్నర్ · ఆదివారం రాత్రి 10:34

ఇస్తారండి. ఎవరన్నారు మీకు? ఎంత స్టీలు తెస్తే ఎన్ని ముక్కలు వస్తాయో, తరుగు ఎంతో లెక్క చూపించాలి, గడువులోగా సరుకు పంపాలి, అంతే. మీ ఐఈసీ (ఎగుమతి దిగుమతి కోడ్) కాపీ, పోయిన రెండు షిప్పింగ్ బిల్లులు, ముక్క డ్రాయింగు పట్టుకుని మంగళవారం 11 గంటలకి కస్టమ్స్ హౌస్ ఎదురుగా టీ కొట్టు దగ్గరికి రండి. సోమవారం వద్దు, ఎడమ దొంతర రోజు అది. ప్యాలెట్ ముద్ర వేసేవాళ్ల నంబరు కూడా ఇస్తాను.